వాటం మేస్త్రి లిఫ్టు బల్ల

మోకాళ్ళ డాక్టరు ఎక్స్‌రే ఫిల్ముని లైటు ముందు ఎత్తి పట్టుకుని, "ఇక మీరు గొంతుక్కూర్చోవడం మానెయ్యాలి," అన్నాడు.

టైల్స్ మేస్త్రితో ఆ మాట అనడం, చేపని పిలిచి ఇక తడవొద్దని చెప్పడమే. అయినా, ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వస్తుందని మేస్త్రికి తెలుసు. ఏడాదిగా నేల పని శిష్యులకి వదిలేసి, నిలబడి చేసే గోడ పనే చేస్తున్నాడు. సరేనని తలూపి లేవబోతుంటే, పక్కనున్న భార్య అసలు సంగతి బయటపెట్టింది.

"మరి బండి కింద కూర్చోవచ్చా డాక్టరుగారూ?"

మేస్త్రి ఆవిడ వైపు చురచురా చూశాడు. ఆవిడ డాక్టరు వైపే చూస్తోంది.

"బండి కింద ఏం పని?"

"ఆదివారమొస్తే అక్కడే కాపురమండీ. చైను కడుగుతారు, ఆయిలు మారుస్తారు, ఏదో విప్పుతారు, మళ్ళీ దాన్నే బిగిస్తారు. ఇంట్లో మనుషులకి లేదు అంత సేవ."

"కూర్చోకూడదు," అన్నాడు డాక్టరు. మేస్త్రి మొహం చూసి జాలేసిందో ఏమో, "అంత తప్పదనుకుంటే బండినే పైకి ఎత్తుకోండి," అని గంట కొట్టి తర్వాతి పేషెంటుని పిలిచాడు.

మెట్లు దిగుతుండగానే ఆవిడ తీర్పు చెప్పేసింది. "నెలాఖరు దాకా చూస్తాను. ఈలోపు ఎత్తుకునేదేదో తెచ్చుకుంటారా, సరే. లేదా, ఆ ఆదివారం మన మూలమీది మెకానిక్ వచ్చి బండి తీసుకుపోతాడు. ఇక ఎప్పుడూ వాడే చూసుకుంటాడు. మీరు బండి ఎక్కడం, దిగడం చేస్తే చాలు."

"వాడా! వాడు సుత్తి లేకుండా మూత కూడా తియ్యలేడే! ఓసారి ఆయిలు మార్చమంటే అడుగు బోల్టు తల గుండ్రంగా అరగదీసి పంపాడు."

"అరిగిన బోల్టు మార్చుకోవచ్చు. మోకాలు మార్చుకోవడం అంత తేలిక కాదు."

ఆయన ఆవిడకి చెప్పలేనిది ఒకటుంది. నేల పని పోయింది. గోడ పని కూడా ఎన్నాళ్ళుంటుందో తెలియదు. తన చేత్తో మొదలుపెట్టి తన చేత్తోనే ముగించే పని ఇక ఆ పాత బండి ఒక్కటే మిగిలింది. అది కూడా వేరేవాడి చేతికి పోతే, ఈ చేతులతో ఏం చేయాలి? పేపరు తిప్పాలా?

వీధిలో ఆయన్ని వాటం మేస్త్రి అంటారు. వాటమంటే నేలకి పెట్టే వాలు, పోసిన నీళ్ళు వాటంతటవే తూము దారి పట్టేలా. అందరూ దారం కట్టి, కొలిచి, మళ్ళీ కొలిచి పెట్టే వాలుని ఈయన కంటిచూపుతో పెట్టేస్తాడు. నడిచేవాడికి నేల వాలిందని తెలియకూడదు, నీళ్ళకి మాత్రం తెలియాలి. అదీ ఆయన లెక్క. ఆ పేరు వినబడితే బయటికి విసుక్కునేవాడు గానీ, లోపల చక్కెర ముక్క చప్పరించినట్టు ఉండేది.

సరే, ఎత్తేది ఏదో ఒకటి కొనాలి. ఆ సంగతి బావమరిది చెవిన పడింది. అతను ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు, మిగతా ప్రపంచమంతా ఫోనులో చూసి నేర్చుకుంటాడు. మర్నాడే ఎర్ర రంగు ఇనుప గొట్టాల సామానొకటి భుజాన వేసుకుని దిగాడు.

"ప్యాడక్ స్టాండు బావా! రేసు బళ్ళకి ఇదే వాడతారు."

"నా బండి ఏ రేసుకెళ్తోందిరా? సిమెంటు బస్తా మోయడానికెళ్తోంది."

"ముందు చూడు బావా, తర్వాత తిట్టు."

పోర్టికోలో బండి వెనక్కి వెళ్ళి, వెనక చక్రాన్ని పట్టుకున్న కడ్డీల కింద స్టాండు కొమ్ములు ఆనించి, బరువంతా వేసి కిందికి నొక్కాడు. వెనక చక్రం జానెడు లేచింది. బావమరిది చేతులు దులుపుకున్నాడు. మేస్త్రి నడుం మీద చెయ్యి వేసుకుని చూశాడు. చైను ఎక్కడుందో అక్కడే ఉంది, పిక్కల ఎత్తులో.

"ఒరేయ్, ఈ బండికి సెంటర్ స్టాండు పుట్టుకతోనే ఉంది. అది కూడా ఇంతే ఎత్తుతుంది."

"ఇది ఇంకాస్త నున్నగా ఎత్తుతుంది బావా."

"నున్నగా ఎత్తితే చాలని నా మోకాలు నీకేమైనా చెప్పిందా? చక్రం గాల్లో తిరగడం కాదురా నాకు కావలసింది, చైను నా పొట్ట దగ్గరికి రావాలి!"

స్టాండు వెనక్కి వెళ్ళింది. దాని బదులు కత్తెరలా విచ్చుకునే జాకీ వచ్చింది. ఇంజను కింద పెట్టి మర తిప్పితే బండి మొత్తం లేస్తుందన్నాడు బావమరిది. కొత్త బళ్ళ సంగతేమో గానీ, ఈ పాతదానికి కడుపు కింద బల్లపరుపు చోటన్నది లేదు. మధ్యలో ఆయిలు బోల్టు, దాని పక్కన ఫుట్‌రెస్టు కడ్డీ. బోల్టు తగలకుండా చెక్కకి బొక్క పెట్టి, ఆ చెక్కని జాకీ మీద పెట్టి తిప్పారు. బండి లేచింది. లేచి, వద్దు వద్దన్నట్టు మెల్లగా తలూపింది. మేస్త్రి హ్యాండిలు పట్టుకున్నాడు, బావమరిది వెనక సీటు కౌగిలించుకున్నాడు.

"ఇప్పుడు చైను కడుగు బావా."

"ఏ చేత్తో కడగమంటావురా?"

ఇద్దరూ బండిని వదలలేక, దించలేక అలాగే నిలబడిపోయారు. లాండ్రీలో ఇస్త్రీ పని ముగించుకుని ఇంటికొచ్చిన భార్య గేటు దగ్గర ఆగి, "ముగ్గురూ ఫోటో దిగుతున్నారా?" అని అడిగి, జాకీ మర వెనక్కి తిప్పింది.

దాంతో మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ ఫోనూ వద్దు, నీ వీడియోలూ వద్దు. నేనే వెళ్ళి నా కళ్ళతో చూసి కొంటాను," అని షాపుకి బయలుదేరాడు. బావమరిది కూడా వెనకే బయలుదేరాడు. చెవిలో జోరీగ వదలమంటే వదులుతుందా?

అది వర్క్‌షాపు సామాన్లమ్మే పెద్ద షాపు. అక్కడ లిఫ్టు బల్లలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. బండిని చిన్న రేకు మీదుగా బల్ల మీదికి ఎక్కిస్తారు, ముందు చక్రాన్ని ఇనుప నోరొకటి కరిచి పట్టుకుంటుంది, రెండు వైపులా పట్టీలు బిగిస్తారు. ఆ తర్వాత పెడలు తొక్కుతుంటే నూనె పంపు బల్లని నడుం దాకా లేపుతుంది. మేస్త్రి బల్ల చుట్టూ తిరిగాడు. అతుకులు వేలితో తడిమాడు. నూనె కారిపోతే బల్ల కూలిపోకుండా అడ్డం దూర్చే కమ్మీని తీసి, దూర్చి, మళ్ళీ తీసి చూశాడు. షాపువాడి నమూనా బండిని ఎక్కించి పైకి లేపితే చైను వచ్చి సరిగ్గా పొట్ట ముందు నిలబడింది. నెల మొత్తంలో ఆయన మొహంలో వెలుగు కనబడింది అప్పుడే.

"మంచి సెలక్షనండి," అన్నాడు షాపువాడు. "బండి బరువెంత ఉంటుంది? పైన కప్పు ఎత్తు సరిపోతుందా?"

"సరిపోతుంది."

"నేల ఎలా ఉంటుందండీ? అంటే, సమానంగా..."

మేస్త్రి అతన్ని పూర్తి చెయ్యనివ్వలేదు. "నేల గురించి నన్నడుగుతున్నావా బాబూ?"

"మా బావ ఎవరనుకున్నారు?" అన్నాడు బావమరిది. "ఊళ్ళో సగం నేలలు ఈయన చేతివే."

"అయ్యో, తెలియక అడిగానండి," అన్నాడు షాపువాడు, ఇంకేమీ అడగలేదు.

బల్ల ఇంటికొచ్చింది. పోర్టికోలో దించారు. దించీ దించగానే టక్కున చప్పుడైంది. ఒక మూల నొక్కితే ఇంకో మూల లేస్తోంది.

"కాలు వంకరగా ఉన్నట్టుంది బావా. మోసం చేశాడు."

మేస్త్రి కాళ్ళు కొలిచాడు. నాలుగూ ఒకటే. లేచిన కాలి కింద టైలు ముక్క దూర్చి, బల్ల కాళ్ళకున్న చక్రాలకి బ్రేకులు వేసి, బండెక్కించి, పెడలు తొక్కడం మొదలుపెట్టాడు. బల్ల మోకాలి ఎత్తుకి వచ్చింది, ఇంకాస్త పైకొచ్చింది, అంతలో కింద టైలు ముక్క పటుక్కుమంది. బల్ల ఒక్క కుదుపు కుదిపి, బ్రేకులు వేసిన చక్రాలతోనే జరజరా తూము వైపు జారింది. బావమరిది కెవ్వుమని బండిని వాటేసుకున్నాడు. పట్టీలు గట్టివి కాబట్టి బండి నిలిచింది. బల్ల వెళ్ళి తూము పక్క గోడకి ఆనుకుంది. వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన భార్య బండినీ, తమ్ముణ్ణీ, మొగుణ్ణీ వరసగా చూసింది.

"ఇది మీద పడుంటే?" అంది. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే వేళాకోళం లేదు. "చాలు. నేను మెకానిక్‌కి ఫోన్ చేసి నెలాఖరు ఆదివారం రమ్మంటాను."

మేస్త్రి తూముని చూస్తూ నిలబడ్డాడు. లోపలికెళ్ళి రసమట్టం తెచ్చాడు. గాజు గొట్టంలో గాలి బుడగ మధ్యలో నిలబడితే నేల సమానమని చెప్పే సాధనం అది. గచ్చు మీద పెట్టాడు. బుడగ ఒక పక్కకి పారిపోయింది. అడ్డంగా తిప్పి పెట్టాడు. ఇంకో పక్కకి పారిపోయింది. రెండు వైపుల నుంచీ తూము మూలకి అందంగా, ఎక్కడా కంటికి కనబడని వాలు. జాకీ మీద బండి తలెందుకూపిందో కూడా ఇప్పుడర్థమైంది.

"ఎవడు బావా ఈ నేల వేసింది?" అన్నాడు బావమరిది, అని నాలిక కరుచుకున్నాడు.

"హాల్లో నేల సమానంగానే ఉంటుంది కదా," అన్నాడు మళ్ళీ తనే.

"హాల్లోకి బండొస్తే నేను పోర్టికోలోకొస్తాను," అంది అక్క. ఆ దారి అక్కడితో మూసుకుపోయింది.

మేస్త్రి రసమట్టం చంకలో పెట్టుకుని వీధిలో పడ్డాడు. పక్క పోర్టికోలో ఇంత చోటు అడుక్కుని బల్ల అక్కడ వేసుకుంటే సరిపోతుందనుకున్నాడు. ముందు రిటైరైన పోస్టుమాస్టరు ఇంటికెళ్ళాడు.

"పెద్దాయనా, మీ గచ్చు ఓసారి చూడాలి."

"చూడాలా? మీరు వేసిందే కదయ్యా!" పోస్టుమాస్టరు సంబరంగా లోపలికెళ్ళి చెంబుడు నీళ్ళు తెచ్చి గుమ్మంలో కుమ్మరించాడు. నీళ్ళు బారులు తీరి తూములోకి దిగిపోయాయి. "చూశారా! ఇన్నేళ్ళయినా చుక్క నిలవదు. మీ చేతికి దండం పెట్టాలి."

మేస్త్రి పళ్ళు బిగించి దండం అందుకుని పక్కింటికెళ్ళాడు. అక్కడ టైలరు కుట్టు మిషను మీంచి లేచి మరీ బకెట్టు బోర్లించాడు. ఆ పక్కింటావిడ గొట్టమే తెచ్చింది. ఎక్కడికెళ్ళినా బుడగ పరుగే, ఎక్కడికెళ్ళినా నీళ్ళే, ఎక్కడికెళ్ళినా పొగడ్తే. ప్యాంటు అంచులు తడిసి చెప్పులు చపచపమంటుంటే, ఒకచోట ఆగలేక "అమ్మా, ఇక పొయ్యకండి! నమ్ముతున్నాను!" అని అరిచేశాడు కూడా.

వీధి చివర ఒక్క ఇల్లుంది, దాని నేల ఆయన వెయ్యలేదు. తక్కువకి వస్తాడని ఆ ఇంటాయన వేరే మేస్త్రిని పెట్టుకున్నాడు. ఆ పని ఎంత దరిద్రంగా ఉందో వాటం మేస్త్రి అప్పట్లో వీధి వీధంతా చాటింపు వేశాడు కూడా. ఇప్పుడు సిగ్గు విడిచి ఆ గేటు కూడా తట్టాడు. రసమట్టం పెట్టాడు. బుడగకి ఎటు పోవాలో అర్థం కాక అటూ ఇటూ ఊగింది. అన్నీ గుంటలూ మిట్టలే.

"మిమ్మల్ని పిలవకపోవడం నా బుద్ధి తక్కువ, మేస్త్రిగారూ," అన్నాడు ఇంటాయన దీనంగా.

"అవును," అని తిరిగొచ్చేశాడు మేస్త్రి.

ఇంటికొచ్చి పోర్టికో మెట్టు మీద కాళ్ళు చాపుకుని కూలబడ్డాడు. రెండే దారులున్నాయి. గచ్చు పగలగొట్టి సమానంగా మళ్ళీ వేస్తే, మొదటి వానకే నీళ్ళు హాల్లోకొస్తాయి. వెయ్యకపోతే బల్ల నిలవదు. వెయ్యాలన్నా తను నేల మీద కూర్చోలేడు.

"వాషింగ్ మెషీను కింద ఇటుకలు పెట్టలేదా మీరు?" అంది భార్య.

"మెషీను వేరు, ఇది వేరు. నడుమెత్తుకి బండిని లేపేటప్పుడు ఇటుక జరిగితే?"

"జరగకుండా అతికించండి."

మేస్త్రి బల్ల కాళ్ళ వైపు చూశాడు. బల్ల చక్రాలు ఊడదీసి, నాలుగు కాళ్ళ కింద నాలుగు సిమెంటు దిమ్మెలు. ఒక్కోటీ ఒక్కో ఎత్తు, పైన మాత్రం నాలుగూ ఒకే మట్టం. మధ్యలోంచి నీళ్ళ దారి నీళ్ళకుంటుంది. ఇందులో తప్పేమైనా ఉందా అని వెతికాడు. దొరకలేదు. అది మరీ ఒళ్ళు మండించింది.

"మీ శిష్యుణ్ణి పిలుద్దాం," అంది.

"నా ఇంట్లో వాడు తాపీ పడితే నేను చూస్తూ కూర్చోవాలా? కుదరదు."

"అయితే నేను పడతాను."

"నువ్వా?"

"రోజంతా ఇస్త్రీ పెట్టె పట్టుకుని నేను చేసేదేమిటి? ముడతలు తియ్యడమేగా. చొక్కాకి తీసినట్టే సిమెంటుకీ తీస్తాను. మీరు కుర్చీలో కూర్చుని చెప్పండి. అరవకూడదు."

అరవకుండా ఎలా? మట్టం చూసేందుకు పారదర్శకంగా ఉండే పొడుగాటి గొట్టంలో నీళ్ళు నింపి, ఒక కొస తను పట్టుకుని, ఇంకో కొస బావమరిదికిచ్చాడు. రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తులో నిలబడతాయి, అక్కడ గీత గియ్యాలి. ఎంతసేపు చూసినా లెక్క కుదరడం లేదు. తీరా చూస్తే బావమరిది నీళ్ళు ఒలకకుండా గొట్టం మూతిని బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు.

"వేలు తియ్యరా! గాలాడకపోతే నీళ్ళెలా కదులుతాయి?"

"ఒలికితే నువ్వే తిడతావు కదా బావా!"

"ఇప్పుడేమైనా పొగుడుతున్నానా?"

గీతలు పడ్డాయి. భార్య కొంగు బిగించి సిమెంటు కలిపింది. చెక్క పెట్టెల్లో పోసి, పైన తాపీతో సాపు చేస్తోంది. కుర్చీలో కూర్చున్న మేస్త్రి కుడిచెయ్యి గాల్లోనే సాపు చేస్తోంది.

"అలా పట్టుకోకే, గరిటె కాదది. పక్కకి వంచు. ఆ పక్కకి కాదు. అబ్బా, నొక్కకు! లాగు, లాగు..."

"నోటితో కాదు, వేలితో చూపించండి."

వేలితో చూపించాడు. ఆవిడ ఆ వేలి వెంట లాగింది. మొదటి దిమ్మె గారెలా అయింది. నాలుగోదానికొచ్చేసరికి ఆయన చెయ్యి గాల్లో ఆడటం ఆగిపోయింది, ఎప్పుడాగిందో ఆయనే గమనించలేదు. గారెలాంటిదాన్ని మాత్రం చెక్కించి మళ్ళీ పోయించాడు. ఆవిడ తిట్టుకుంటూనే పోసింది. రోజూ తడిపి, దిమ్మెలు గట్టిపడేదాకా బల్ల దరిదాపుల్లోకి బావమరిదిని రానివ్వలేదు.

నెలాఖరు ఆదివారం పొద్దున బల్లని దిమ్మెల మీద నిలబెట్టారు. టక్కుమనలేదు. ఏ మూల నొక్కినా కదల్లేదు. మేస్త్రి రసమట్టం తెచ్చి బల్ల మీద పెట్టి, మొహం దగ్గరగా పెట్టి చూశాడు.

బుడగ మధ్యలో నిలబడింది. దాదాపుగా. ఎడమ గీతని వెంట్రుకవాసి ముట్టుకుంటోంది.

ముందు ఎడమ దిమ్మెది తప్పు. శిష్యుడు చేసిన పనైతే క్షణం ఆలోచించకుండా కొట్టించేవాడు. చెయ్యి దానంతటదే మెట్టు మీది సుత్తి మీదికి పోయింది. భార్య చూసింది. ఆవిడ చేతి వేళ్ళ సందుల్లో ఇంకా సిమెంటు మరకలున్నాయి, వాటిని గోటితో గీక్కుంటోంది.

అప్పుడే గేటు బయట హారన్ మోగింది. "మేస్త్రిగారూ!" మూలమీది మెకానిక్. "బండి తీసుకెళ్ళమని అమ్మగారు చెప్పారు, రెడీయేనా?"

దిమ్మె కొట్టి మళ్ళీ పోస్తే, అది ఆరి గట్టిపడేదాకా ఆగాలి. ఈలోపు బండి ఆ గేటు దాటుతుంది. ఒకసారి దాటితే మళ్ళీ తన చేతికి రాదు. ఆ సంగతి తనకీ తెలుసు, ఆవిడకీ తెలుసు.

మేస్త్రి సుత్తి మీద చెయ్యి తీసేశాడు. రసమట్టాన్ని సంచిలో పెట్టి జిప్పు లాగేశాడు.

"బాగుంది," అన్నాడు.

"బాగాలేదని మీ మొహమే చెప్తోంది," అంది భార్య.

"బండిని నిలబెడుతుందా లేదా? అది చాలు. ఒరేయ్, ఎక్కించు."

బండెక్కింది. ఇనుప నోరు చక్రాన్ని కరిచింది. పట్టీలు బిగిసాయి. మేస్త్రి ఆగి ఆగి పెడలు తొక్కాడు, ప్రతి తొక్కుడుకీ దిమ్మెల వైపు చూస్తూ. బల్ల మోకాలు దాటింది, తొడ దాటింది, నడుం దగ్గరకొచ్చి ఆగింది. అడ్డకమ్మీ దూర్చాడు. బండి కదల్లేదు, తలూపలేదు. చైను పొట్ట ముందుంది. కొంచెం వంగితే ఇంజను అడుగు మొత్తం కనబడుతోంది. ఇన్నేళ్ళుగా చేత్తో తడిమి తెలుసుకున్న బోల్టులు ఇప్పుడు ఎదురుగా నిలబడి పలకరిస్తున్నాయి.

గేటు దగ్గర మెకానిక్ మెడ సాచి చూస్తున్నాడు. "అమ్మో, పైకే ఎత్తేశారే! మరి నేను తీసుకెళ్ళేది..."

"ఇవాళ కాదులే బాబూ," అంది భార్య.

"మరి ఎప్పుడు రమ్మంటారు?"

ఆవిడ మొగుడి వైపు తిరిగింది. ఆయన వినిపించుకునే స్థితిలో లేడు. బ్రష్షు కిరోసిన్లో ముంచి, చైను ఒక్కో లింకే తోముతున్నాడు, నిటారుగా నిలబడి.

"మేం చెప్తాంలే," అని గేటు మూసింది.

బావమరిది ఫోను పట్టుకుని బల్ల చుట్టూ తిరుగుతూ వీడియో తీస్తున్నాడు. "బావా, ఇటు చూసి రెండు ముక్కలు చెప్పు. లిఫ్టు బల్ల కొనేవాళ్ళు ముందుగా ఏం చూసుకోవాలి?"

"ముందు నువ్వు వెలుతురుకి అడ్డం లేవరా," అన్నాడు మేస్త్రి.